పేరు దక్కిన చావు: 1914–18 నాటి బ్రిటిష్ సైనికుడు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుడు అనగానే కళ్ళముందుకు వచ్చే బొమ్మ ఒకటుంది. మోకాళ్ళ లోతు బురద, ముళ్ళ కంచె, అధికారి ఈల వేయగానే కందకంలోంచి పైకెక్కి మెషిన్ గన్ల ఎదుటికి నడిచిపోయే కుర్రాడు, ఎన్నో మైళ్ళ వెనక ఏదో పెద్ద భవనంలో మ్యాపులు పరుచుకు కూచున్న సేనాని. సినిమాలూ పాఠ్యపుస్తకాలూ కవిత్వ సంకలనాలూ కలిసి గీసిన బొమ్మ ఇది. అబద్ధం అనలేం గానీ, ఆ యుద్ధంలో కొన్ని రోజులకు మాత్రమే సరిపోయే నిజం. నాలుగేళ్ళ పైచిలుకు కాలానికి చాలదు. ఇన్నేళ్ళూ చరిత్రకారుల తగువంతా ఆ కుర్రాడు ఎవరి తప్పు వల్ల చచ్చిపోయాడన్న దాని చుట్టూనే తిరిగింది. 1961లో అలన్ క్లార్క్ ‘ద డాంకీస్’ అనే పుస్తకం రాసి సేనానులను గాడిదలన్నాడు. 2001లో గ్యారీ షెఫీల్డ్ ‘ఫర్గాటెన్ విక్టరీ’లో, అదే సైన్యం దెబ్బలు తింటూ పని నేర్చుకుని 1918లో గెలిచిన సంగతి గుర్తుచేశాడు. రెండు పక్షాలకూ సాక్ష్యాలున్నాయి. అయితే ఈ తగువులో వెనక్కి జరిగిపోయిన ప్రశ్న ఒకటుంది, నా దృష్టిలో అదే పెద్దది: చనిపోయాక ఆ మామూలు సిపాయిని ప్రభుత్వం ఏం చేసింది? బతికున్నన్నాళ్ళూ హోదాతో తూచిన మనిషిని చనిపోయాక జనరల్ పక్కనే, అదే కొలత రాయి కింద పడుకోబెట్టింది. బ్రిటిష్ చరిత్రలో అంతకుముందు ఆ స్థాయిలో ఎన్నడూ లేని సమానత్వం అది. దానికి ఒక వెల ఉంది, ఒక హద్దూ ఉంది. వెల చెల్లించింది కుటుంబాలు. హద్దు గీసింది సామ్రాజ్యం. ఈ మూడూ కలిపి చూస్తే తప్ప ఆ సైనికుడి బతుకు గానీ చావు గానీ అర్థం కావని ఈ వ్యాసం వాదన.

ముందు బతుకు. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించేనాటికి దాని రెగ్యులర్ సైన్యం సుమారు 2,50,000. అందులో చాలామంది ఇండియాలోనూ ఇతర వలసల్లోనూ కాపలా పనిలో ఉన్నారు. నిర్బంధ సైనిక సేవతో లక్షలకు లక్షలు పోగేసిన జర్మనీ ముందు ఇది ఏ మూలకూ రాదు. యుద్ధమంత్రి లార్డ్ కిచ్నర్ లక్షమంది వాలంటీర్లు కావాలని పిలుపునిస్తే సెప్టెంబరు ముగిసేసరికి ఏడు లక్షలకు పైగా చేరారు. అందరూ దేశభక్తితోనే ఉరికారని చెప్పడం తేలిక. యుద్ధం మొదలవగానే చాలా మిల్లుల్లో పని ఆగిపోయిందనీ, సైన్యంలో రోజుకో షిల్లింగు జీతం, వేళకు తిండి, ఇంట్లో భార్యకు విడిగా భత్యం దొరికాయనీ కూడా చెప్పాలి. ఒకే ఊరివాళ్ళు, ఒకే మిల్లువాళ్ళు కలిసి చేరితే కలిపే ఉంచుతామన్న హామీ మీద ‘పాల్స్’ పటాలాలు పుట్టాయి. ఆ హామీని ప్రభుత్వం నిలబెట్టుకుంది. ఫలితం: 1916 జూలై 1న, సొమ్ యుద్ధం మొదటి రోజున, లాంకషైర్‌లోని ఆక్రింగ్టన్ పటాలం నుంచి సెర్ అనే ఊరి మీదకు వెళ్ళిన సుమారు 720 మందిలో 584 మంది దాదాపు అరగంటలో చనిపోయారు, గాయపడ్డారు, లేదా కనిపించకుండా పోయారు. కలిసి చేరినవాళ్ళు కలిసే పోయారు. కబుర్లు కూడా ఒకే వీధులకు ఒకేసారి వెళ్ళాయి. ఆ ఏడాది జనవరికే వాలంటీర్లు చాలక 18 నుంచి 41 ఏళ్ళ లోపు పెళ్ళికాని మగవాళ్ళందరికీ నిర్బంధ సేవ చట్టం వచ్చింది. మే నెలలో పెళ్ళయినవాళ్ళకూ విస్తరించింది. యుద్ధం మొత్తం మీద సైన్యంలో పనిచేసిన యాభై ఏడు లక్షల మంది బ్రిటిష్ వాళ్ళలో ఇంచుమించు సగం ఈ చట్టం వచ్చాక చేరినవాళ్ళే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది: ఇష్టపడి వచ్చిన కూలి సిపాయికీ, చట్టం పెట్టి లాక్కొచ్చిన పౌరుడికీ ప్రభుత్వం పడే బాకీ ఒకటి కాదు. వయసు నిబంధనలు కూడా కాగితం మీదే గట్టిగా ఉండేవి. 19 నిండకుండా విదేశీ రణరంగానికి పంపకూడదు. కానీ బెల్జియంలో ఈప్ర్ దగ్గర ఎసెక్స్ ఫార్మ్ సమాధుల్లో 1916 జనవరిలో చనిపోయిన వాలెంటైన్ జో స్ట్రడ్విక్ రాయి మీద చెక్కిన వయసు 15.

కందకంలో అతడి బతుకు ఎక్కువగా ఎదురుచూపు. పటాలాలను వంతులవారీగా తిప్పేవారు: కొన్నాళ్ళు ముందు వరసలో, కొన్నాళ్ళు దాని వెనక ఆసరా వరసలో, ఆ తర్వాత రిజర్వులో, ఆ తర్వాత ఏదో ఊళ్ళో విశ్రాంతికి. సిపాయిగా చేరి అధికారి అయి, తర్వాత రచయితగా పేరు తెచ్చుకున్న చార్ల్స్ క్యారింగ్టన్ 1916 సంవత్సరాన్ని రోజులవారీగా లెక్కవేసి పెట్టాడు: 65 రోజులు ముందు వరసలో, 36 రోజులు ఆసరా వరసలో, 120 రిజర్వులో, 73 విశ్రాంతిలో, మిగిలినవి సెలవు, ఆసుపత్రి, శిక్షణ, ప్రయాణాలు. సొమ్ యుద్ధం జరిగిన ఏడాదిలో, ఆ యుద్ధంలో ఉన్న మనిషి లెక్క ఇది. ఏడాదిలో మూడో వంతుకన్నా తక్కువ కాలమే అతడు గుండు తగిలే దూరంలో ఉన్నాడు. ఆ మూడో వంతు కూడా దాడులతో నిండి లేదు. తెల్లవారుజామునా సాయంత్రం చీకటిపడేవేళా అందరూ తుపాకులతో నిలబడడం, ఓ గుక్క రమ్ము, పగలు నిద్ర, రాత్రి మట్టిపని. తిండి డబ్బా గొడ్డుమాంసం, పళ్ళు విరిగే బిస్కెట్లు, ఆపిల్ ప్లమ్ జామ్, టీ. చొక్కా కుట్ల సందుల్లో పేలు, నీళ్ళలో నాని కుళ్ళే పాదాలు; దానికి మందుగా తిమింగలం నూనె రాసుకోవాలని ఆజ్ఞ, రాశారో లేదో చూసే పూచీ అధికారిది. ఇంటి నుంచి ఉత్తరాలు మాత్రం ఆశ్చర్యపోయేంత క్రమంగా వచ్చేవి. లండన్ రీజెంట్స్ పార్కులో చెక్కతో కట్టిన తపాలా డిపోలో యుద్ధం ముదిరిన రోజుల్లో వారానికి కోటీ ఇరవై లక్షల ఉత్తరాలు విడదీసేవారు. సిపాయి రాసే ఉత్తరాన్ని అతడి పై అధికారే చదివి దిద్దేవాడు. తీరిక లేనప్పుడు అచ్చేసిన కార్డు ఉండేది: బాగున్నాను, ఆసుపత్రిలో ఉన్నాను, ఉత్తరం అందింది వంటి వాక్యాల్లో తనకు వర్తించనివి కొట్టేసి సంతకం పెట్టాలి, ఒక్క మాట అదనంగా రాసినా కార్డు చించేస్తారు. మనిషి ప్రాణంతో ఉన్నాడన్న వార్తను కూడా ప్రభుత్వం ఒక ఫారంగా మార్చిందంటే, చావు విషయంలో అది ఏం చేయగలదో ఊహించవచ్చు.

ఈ బతుకంతా హోదా గీతల మధ్య నడిచింది. జీతం మాట అటుంచుదాం, అది ఏ సైన్యంలోనైనా ఉండేదే. మనసు విరిగినప్పుడు చూడండి. ఫిరంగుల మోత కింద మాట పడిపోయినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, నిద్రలో అరిచేవాళ్ళు దాదాపు 80,000 మంది నమోదయ్యారు. వైద్యుల రాతల్లో అధికారికి వచ్చింది తరచుగా నరాల అలసట, సిపాయికి వచ్చింది హిస్టీరియా. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాకర్ట్ ఆసుపత్రి, అందులో డాక్టర్ రివర్స్, ఆయన రోగి, కవి సస్సూన్, అక్కడే సస్సూన్‌తో పరిచయమైన మరో కవి ఓవెన్: ఈ కథ సాహిత్య లోకానికి కంఠతా వచ్చు. అది అధికారుల ఆసుపత్రి. శిక్షల్లోనూ అంతే. పారిపోయినందుకు, పిరికితనానికి, కాపలాలో నిద్రపోయినందుకు, ఇంకా ఇలాంటి సైనిక నేరాలకు కాల్చి చంపినవాళ్ళలో 306 మందికి 2006లో బ్రిటిష్ పార్లమెంటు క్షమాభిక్ష ప్రకటించింది. హత్య వంటి నేరాలతో కలిపి మరణశిక్ష అమలైన మూడు వందల నలభై పైచిలుకు మందిలో అధికారులు ముగ్గురే. చావు కబురు ఇంటికి చేరే దారి కూడా వేరే. అధికారి ఇంటికి టెలిగ్రాం వెళ్ళేది. సిపాయి ఇంటికి బి 104-82 అనే అచ్చు ఫారం, ఖాళీల్లో పేరూ నంబరూ తేదీ నింపి, మామూలు టపాలో వెళ్ళేది. కొన్నిసార్లు అంతకుముందే తల్లి రాసిన ఉత్తరం చిరునామాదారు లేడన్న గుర్తుతో వెనక్కి వచ్చేది. చిన్న తేడాలా కనిపించవచ్చు. ఒక సమాజం ఎవరి దుఃఖాన్ని తొందరగా తీర్చవలసిన పనిగా చూస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే కాగితం నాకు కనిపించలేదు.

ఇక చావు. బాయినెట్‌తో ముఖాముఖి పొడుచుకోవడం యుద్ధచిత్రాలకు ఇష్టమైన దృశ్యం. గాయపడి వైద్యకేంద్రాలకు వచ్చిన రెండు లక్షల మందికి పైగా బ్రిటిష్ సైనికుల లెక్కలు తీస్తే, బాయినెట్ గాయాలు నూటికి ఒకటి కూడా లేవు, మూడు వందలకు ఒకటి. 58 శాతానికి పైగా ఫిరంగి గుళ్ళూ మోర్టార్లూ చేసినవి. 39 శాతం తూటాలు. అంటే సగటు సైనికుడు తనను చంపినవాణ్ణి చూడలేదు, చంపినవాడు అతణ్ణి చూడలేదు. శౌర్యానికీ జాగ్రత్తకూ అందులో పాత్ర తక్కువ. ఈ వివరం నా వాదనకు కీలకం: ఫిరంగి గుండు మనిషిని చంపడంతో ఆగదు, ఆనవాలు కూడా మిగల్చదు. సామ్రాజ్యం మొత్తం మృతుల్లో ఇంచుమించు సగం మందికి తెలిసిన సమాధి లేకపోవడానికి మూలం ఇక్కడుంది. మరోవైపు, వైద్యం మునుపటి యుద్ధాలకన్నా ఎంతో మెరుగైంది. 1899–1902 బోయర్ యుద్ధంలో చనిపోయిన సుమారు 22,000 మంది బ్రిటిష్ పక్షపు సైనికుల్లో ఎక్కువమందిని చంపింది టైఫాయిడ్ లాంటి రోగాలు. 1914 తర్వాత పశ్చిమ రంగంలో టైఫాయిడ్ టీకా, ధనుర్వాతం సీరమ్, కందకం వెనకాలే మొదలై రైలు మార్గం దాకా అంచెలంచెలుగా సాగిన వైద్యకేంద్రాలు, తొడ ఎముక విరిగినప్పుడు కట్టే థామస్ స్ప్లింటు వేలాది ప్రాణాలు నిలబెట్టాయి. డాక్టరు చేతికి చేరితే బతికే అవకాశమే ఎక్కువ. చేరడమే కష్టం.

మొత్తం మీద సైన్యంలో పనిచేసిన బ్రిటిష్ వాళ్ళలో ఏడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఎనిమిది మందిలో ఒకరు. అధికారుల్లో ఈ నిష్పత్తి ఎక్కువ, ఆరుగురిలో ఒకరు. ముందుండి నడిపించాల్సింది కింది స్థాయి అధికారులే కాబట్టి. సొమ్ మొదటి రోజున 57,470 మంది దెబ్బతిన్నారు, వాళ్ళలో 19,240 మంది చనిపోయారు. బ్రిటిష్ సైన్యానికి అలాంటి రోజు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. ఈ లెక్కలు చెబుతుంటే ఒక అభ్యంతరం తప్పక వస్తుంది: ఎనిమిదిలో ఏడుగురు తిరిగొచ్చారనడం చనిపోయినవాళ్ళను తక్కువ చేయడం కాదా, యుద్ధాన్ని కడిగి తెల్లగా చూపడం కాదా అని. షెఫీల్డ్ వంటి వాళ్ళ మీద వచ్చిన విమర్శ సరిగ్గా ఇదే. నేనలా అనుకోను. తిరిగొచ్చినవాళ్ళను లెక్కలోంచి తీసేస్తేనే అన్యాయం. వాళ్ళలో కాళ్ళు పోయినవాళ్ళు, ఊపిరితిత్తులు గ్యాసుకు కాలినవాళ్ళు, తర్వాతి ఇరవై ఏళ్ళు పింఛను బోర్డుల ముందు తమ జబ్బు యుద్ధంలో వచ్చిందేనని రుజువు చేసుకోవాల్సి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందరూ చచ్చిపోయారన్న కథ నిజానికి ప్రభుత్వానికే సౌకర్యం; చనిపోయినవాడు పింఛను అడగడు. సాహిత్యం కూడా ఈ వంకరకు తోడ్పడింది. పాల్ ఫసెల్ 1975లో రాసిన ‘ద గ్రేట్ వార్ అండ్ మోడర్న్ మెమరీ’ గొప్ప పుస్తకమే గానీ, అందులో యుద్ధాన్ని చూసిన కళ్ళు ఎక్కువగా చదువుకున్న కుర్ర అధికారులవి. ఓవెన్ 1918 నవంబరు 4న, యుద్ధవిరమణకు వారం ముందు చనిపోయాడు. అతడి చావు ఒక తరం చావుకు గుర్తయింది. ఆ తరంలో ఎక్కువమంది 1919లో ఇంటికొచ్చి పని వెతుక్కున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1815లో వాటర్లూలో చనిపోయిన మామూలు సిపాయిలను గుంతలు తవ్వి సామూహికంగా పూడ్చారు. ఫలకాల మీద పేర్లు అధికారులకే దక్కాయి. బోయర్ యుద్ధం తర్వాత ఊళ్ళలోనూ రెజిమెంట్లలోనూ చందాలతో పేర్ల స్తంభాలు లేచాయి. ప్రతి మృతుడి సమాధీ తన పూచీ అని ప్రభుత్వం ఒప్పుకున్నది 1914 తర్వాతే, అదీ ఒక బయటి మనిషి పట్టుదల వల్ల. ఫేబియన్ వేర్ పత్రికా సంపాదకుడిగా పనిచేసినవాడు. సైన్యంలో చేరడానికి వయసు మీరిందని తిప్పిపంపితే రెడ్ క్రాస్ వాహనదళంతో ఫ్రాన్సు వెళ్ళాడు. సమాధులు ఎక్కడున్నాయో రాసిపెట్టే నాథుడు లేడని గమనించి తనే రాయించడం మొదలుపెట్టాడు. 1915లో సైన్యం ఆ పనిని తనలో కలుపుకుంది. 1917 మే 21న రాజశాసనంతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. ఇదే కాలంలో గుర్తింపు బిళ్ళల మార్పు వచ్చింది. మొదట్లో సిపాయి మెడలో ఒకటే బిళ్ళ. చావు నమోదు కోసం దాన్ని తెంపుకుపోతే శవం అనామకం అయిపోయేది. 1916 సెప్టెంబరు నుంచి రెండు బిళ్ళలు: ఎర్రది తీసుకెళ్ళడానికి, ఆకుపచ్చది శవంతో ఉండడానికి. సొమ్ మొదటి రోజుకు ఈ ఏర్పాటు లేదు.

సమాధి రాసిపెట్టడం ఒక ఎత్తు, శవం ఎవరిదన్నది మరో ఎత్తు. 1915 ఏప్రిల్‌లో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడు, పార్లమెంటు సభ్యుడు విలియం గ్లాడ్‌స్టన్ ఫ్రాన్సులో చనిపోతే, రాజుగారి అనుమతితో శవాన్ని తవ్వి తీసి సొంత ఊరు హావర్డెన్‌కు తెచ్చి ఘనంగా ఖననం చేశారు. ఆ తర్వాత అలాంటి తరలింపులన్నీ నిషేధించారు. ఉన్నవాడి కొడుకు ఇంటికొచ్చి లేనివాడి కొడుకు పరాయి పొలంలో ఉండిపోతాడన్నది వేర్ వాదన. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టరు ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఇచ్చిన నివేదిక దీన్నే సూత్రంగా మలిచింది: హోదా, మతం, సంపద తేడా లేకుండా అందరికీ ఒకే ఆకారం, ఒకే కొలత రాయి, రెండడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, అడుగుంబావు వెడల్పు. శిలువ ఆకారంలో విడి సమాధులు కూడదు. కింద కుటుంబం కోరిన మాట చెక్కించుకోవచ్చు, 66 అక్షరాలకు మించకుండా. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, విమర్శలు రావడంతో తర్వాత అది ఐచ్ఛికం చేశారు. సైనిక నేరానికి కాల్చి చంపిన సిపాయికి కూడా కమిషన్ ఇదే రాయి వేసింది. కొన్ని ఊళ్ళు తమ స్మారక స్తంభం మీద అలాంటివాడి పేరు చెక్కడానికి ఒప్పుకోలేదు. కమిషన్ తేడా చూపలేదు. ఇది నిజమైన సమానత్వం, దీన్ని తక్కువ చేయనక్కరలేదు.

అయితే ఈ సమానత్వం అడిగి తీసుకున్నది కాదు. ఎక్సెటర్ బిషప్ భార్య లేడీ ఫ్లోరెన్స్ సెసిల్ ముగ్గురు కొడుకులను ఈ యుద్ధంలో పోగొట్టుకుంది. బిడ్డల సమాధుల మీద శిలువ అయినా పెట్టుకోనివ్వమని ఆమె 8,000 సంతకాలతో వినతి పంపింది. 1920 మే 4న కామన్స్ సభలో జరిగిన చర్చలో ఆమె బంధువు రాబర్ట్ సెసిల్ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ పదునుంది: దేశం అతడి సేవను తీసుకుంది సరే, చనిపోయాక కూడా అతడు దేశం సొత్తేనా, తల్లికి హక్కు లేదా? కమిషన్ పక్షాన బర్డెట్ కూట్స్ సభలో రచయిత కిప్లింగ్ ఉత్తరం చదివాడు. 1915లో లోస్ యుద్ధంలో 18 ఏళ్ళ కొడుకును పోగొట్టుకుని శవం కూడా దొరకని తండ్రి కిప్లింగ్. ఎక్కడో ఒక సమాధి అంటూ ఉన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులో గుర్తు చేసుకోమన్నాడు. ఆ మాటకు సభలో ఎదురు నిలవడం కష్టం. చివరకు ఓటింగు లేకుండానే కమిషన్ నెగ్గింది. శవాలు తేవడం ఆచరణసాధ్యం కాదన్న వాదన మాత్రం నిలవదు. అమెరికా కుటుంబాలకు ఎంచుకునే వీలిచ్చి నలభై వేలకు పైగా శవాలను అట్లాంటిక్ దాటించింది. ఫ్రాన్సు 1920 తర్వాత రెండు లక్షలకు మించి శవాలను ప్రభుత్వ ఖర్చుతో ఊళ్ళకు చేర్చింది. బ్రిటన్ చేయలేక ఆగలేదు, చేయకూడదని నిర్ణయించుకుంది. నా తీర్పు అడిగితే, కెన్యన్ సూత్రం సరైనదే. దాన్ని తల్లుల మీద నిర్బంధంగా రుద్దిన పద్ధతి సరైనది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలో వైరుధ్యం లేదు. నిర్బంధ సేవకు పిలిచిన ప్రభుత్వమే నిర్బంధ సమానత్వాన్నీ ఇచ్చింది, రెండింటికీ ఒకటే తర్కం: పౌరుడి శరీరం మీద అంతిమ హక్కు తనది. 1920 నవంబరు 11న వెస్ట్‌మిన్స్టర్ అబ్బీలో రాజుల మధ్య పేరులేని ఒక యోధుణ్ణి ఖననం చేసినప్పుడు, ఎవరి కొడుకో తెలియకపోవడమే అతడి అర్హత. ప్రతి తల్లీ తన కొడుకే అనుకోవచ్చు. ఊరడింపుగా అది గొప్ప ఏర్పాటు. హక్కుల లెక్కలో చూస్తే, సొంత బిడ్డ శవాన్ని అడిగినవాళ్ళకు అందరి బిడ్డను చూపించడం.

బతికినవాడి పట్ల ఈ శ్రద్ధ లేదని చెప్పడానికి ఒక నిదర్శనం చాలు. 1940 సెప్టెంబరులో లండన్ మీద జర్మన్ బాంబులు పడినప్పుడు ఆర్న్‌సైడ్ స్ట్రీట్ గోదాములోని యుద్ధశాఖ కాగితాలు అంటుకుని, మొదటి యుద్ధపు సిపాయిల సేవా రికార్డుల్లో సగానికి పైగా బూడిదయ్యాయి. ప్రమాదమే, ఎవరి కుట్రా కాదు. కానీ దాని పర్యవసానం చూడండి: లక్షల మంది ఎక్కడ పనిచేశారో, ఎప్పుడు గాయపడ్డారో చెప్పే కాగితం ఈరోజు లేదు, చనిపోయినవాళ్ళ రిజిస్టరు మాత్రం చెక్కుచెదరలేదు. తియెప్‌వాల్ తోరణం మీద సొమ్ ప్రాంతంలో కనిపించకుండా పోయిన 72,000 మందికి పైగా పేర్లున్నాయి, ఈప్ర్‌లోని మెనిన్ గేట్ మీద 54,000కు పైగా. చరిత్రకారులు చావును అంత వివరంగా, బతుకును అంత అరకొరగా రాయడానికి సాహిత్యం ఎంత కారణమో ఈ రికార్డుల వైషమ్యం కూడా అంతే కారణం. ఈ మృతనామావళిని ఆధునికతకే గుర్తుగా చూసిన థామస్ లాకర్ వంటి పండితులు పేరు చెక్కడంలోని గొప్పదనాన్ని చక్కగా వివరించారు. బతికొచ్చినవాడి పేరు చాలా చోట్ల చెక్కి లేదన్నది ఆ వివరణలో సులువుగా జారిపోయే సంగతి.

ఇక హద్దు. కెన్యన్ సూత్రం సామ్రాజ్యంలోని సైనికులందరికీ అని చెప్పారు. ఫ్రాన్సులో దాన్ని పాటించారు కూడా. నవ్ షపెల్ దగ్గర హెర్బర్ట్ బేకర్ గీసిన భారతీయ స్మారకం మీద 4,700 మందికి పైగా భారత సైనికులూ కూలీలూ పేర్లతోనే ఉన్నారు. అదే కమిషన్ ఇరాక్‌లో బస్రా స్మారకం కట్టినప్పుడు బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కింది, భారతీయ అధికారుల పేర్లు చెక్కింది, భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు కింద ఇంతమంది అని అంకెల్లో రాసి వదిలేసింది. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ పనిచేసిన రంగం అది. తెలుగు జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలో భాగం. మన దేశంలో చాలా ఊళ్ళలో ఆ కాలం నాటి పాలరాతి పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి: ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. అంకె ఉంటుంది, పేరు ఉండదు. తూర్పు ఆఫ్రికాలో మూటలు మోసి చనిపోయిన కూలీల గతి ఇంకా అధ్వాన్నం. పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ మామూలు జనానికి సమాధి రాయి అంటే అర్థం కాదని అక్కడి గవర్నరు గగిస్‌బర్గ్ 1923లో కమిషన్‌కు చెప్పాడు, కమిషన్‌కు అది సౌకర్యంగానే తోచింది. 2021 ఏప్రిల్‌లో కమిషన్ నియమించిన ప్రత్యేక సంఘమే ఈ లెక్క తేల్చింది: 45,000 నుంచి 54,000 మంది ఆసియా, ఆఫ్రికా సైనికులను అసమానంగా స్మరించారు, మరో 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గానీ అసలు గానీ స్మరణకు నోచుకోలేదు. బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

దీనికి వచ్చే జవాబు తెలిసిందే: ఆ కాలపు మనుషులను ఈ కాలపు కొలతతో కొలవకూడదని. కొలిచింది ఈ కాలపు కొలతతో కాదు. కెన్యన్ కొలత 1918 నాటిదే. సమానత్వమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు, దాన్ని పార్లమెంటులో తల్లుల కన్నీళ్ళ ముందు కూడా సడలించకుండా నిలబెట్టారు, నవ్ షపెల్‌లో అమలు చేసి చూపించారు. యూరప్ సందర్శకులు చూసే చోట పేరు, చూడని చోట అంకె. రికార్డులు దొరకలేదన్న సాకు కొంతవరకు నిజం. కూలీల పట్టీలు అడ్డదిడ్డంగా ఉండేవి. అయితే భారతీయ రెజిమెంట్లకు నామపట్టికలుండేవి, ఏ రెజిమెంటులో ఎంతమంది పోయారో అంకె తెలిసిందంటే ఎవరెవరు పోయారో రాసినవాడు ఎక్కడో ఉన్నాడనే అర్థం. ఇంకొందరు దీన్నిబట్టి ఆ సమానత్వమే బూటకమంటారు. అదీ ఒప్పుకోలేను. పూర్తి బూటకమైతే ఇవాళ కమిషన్‌ను దాని మాట మీదే నిలదీయడం కుదిరేది కాదు. ఇచ్చిన మాట పెద్దది, నిలబెట్టుకున్నది సగం.

ఆ మిగిలిన సగం పని ఇప్పుడు నడుస్తోంది. లాహోర్ మ్యూజియంలో దుమ్ముకొట్టుకుపోయిన పంజాబ్ రిజిస్టర్లను చరిత్రకారులు కంప్యూటర్లోకి ఎక్కిస్తే సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు ఊళ్ళవారీగా బయటపడ్డాయి. 2025 జనవరిలో కేప్ టౌన్‌లో, అప్పటిదాకా ఎక్కడా పేరు లేని 1,700 మందికి పైగా నల్లజాతి కార్మిక దళ సభ్యుల పేర్లతో కమిషన్ కొత్త స్మారకం తెరిచింది. తెలుగు జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళకూ ఇలాంటి గాలింపు జరగాలి. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళలో కుటుంబాల దగ్గర పాత పతకాలో పింఛను కాగితాలో ఉంటే వాటిని ఫొటో తీసి భద్రపరచండి; విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, రాష్ట్ర ఆర్కైవ్స్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు భర్తీ, పింఛను రికార్డులను తిరగేయాలి. పేరు రుజువు చేయగలిగితే రిజిస్టరులో చేర్చడానికి కమిషన్ ఈ రోజుకీ దరఖాస్తులు తీసుకుంటోంది.